వాహన శబ్ద కంపనములు: నిర్మాణ విశ్లేషణము

ఇంజను, చక్రములు, గేర్లు, బాటలోని గతుకులు, ఎదురుగాలి మున్నగువాని వలన పుట్టిన బలములు వాహనదేహమును కదలించి, ఆ దేహమునందలి రేకుల ద్వారా ప్రయాణికుని చెవికి ధ్వనిగను, ఒడలికి కంపనముగను చేరు క్రమమును, వాహనము కర్మాగారమున రూపొందకమునుపే గణితముచే గ్రహించి, తదనుగుణముగా నిర్మాణమును సవరించు విద్యకు వాహన శబ్ద కంపన విశ్లేషణమని పేరు. ధ్వనిశాస్త్రము, నిర్మాణ యంత్రశాస్త్రము, గణక విద్య అను మూడింటి సంగమమున ఏర్పడిన ఈ శాఖ ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమునగాని స్వతంత్ర ప్రతిపత్తిని పొందలేదు. అంతకుమునుపు బండి తయారైన పిమ్మట నడిపి చూచి, మ్రోగినచోట గోనెపట్టయో తారుపూతయో అంటించుటయే ఆచారము.

ఈ విద్య ప్రయోగశాలలలో పెరిగినదే అయినను దాని ప్రశ్నలు బాటమీదనే పుట్టును. అట్టి ప్రశ్నలన్నియు ఒకేచోట కానవచ్చు సీమ తెలంగాణమున పడమటి అంచునగల వికారాబాదు, తాండూరు పట్టణముల నడిమి నేల. తాండూరు చుట్టుపట్ల భీమా నదీ ప్రాంతమునకు చెందిన సున్నపురాతి పొరలు భూమికి చేరువగానే ఉండుటచే నాపరాళ్ల గనులును, సిమెంటు కర్మాగారములును వెలసినవి. ఆ పొరలపై పరచుకొన్న నల్లరేగడిలో పండు కంది 2022లో భౌగోళిక గుర్తింపును పొందినది. తూర్పున వికారాబాదు దగ్గర నేల ఎర్రబారి, మూసీనదికి పుట్టినిల్లయిన అనంతగిరి గుట్టలుగా లేచును. రెండు పట్టణములకు నడుమగల సుమారు 40 కిలోమీటర్ల బాటలో ఆ గుట్టల ఘాటు ఒకటి తగులును. బండలతో నిండిన లారీలు, సిమెంటు బండ్లు, పల్లె వెలుగు బస్సులు, ట్రాలీలు తగిలించిన ట్రాక్టర్లు ఈ దారిన నడచుచుండగా, 1874లో వాడి నుండి సికిందరాబాదునకు వేసిన రైలుమార్గము దానికి తోడుగా సాగుచున్నది. చదునైన సిమెంటు బాటమీద పరుగెత్తు కారు ఒక్కదానినే చూచి ఈ శాస్త్రమును నేర్చినవానికి, ఇచటి భారవాహనములు నేర్పు పాఠము వేరు.

మూలము, మార్గము, గ్రహీత అని ఈ శాస్త్రమున మూడు అంగములను చెప్పుదురు. వీనిలో మూలమునందు పుట్టు బలమును తగ్గించుట ఉత్తమమని అందరును అంగీకరింతురు గాని, డీసెలు దహించునపుడు సిలిండరులో పీడనము ఒక్కసారిగా లేచుటను ఎవరును పూర్తిగా మాన్పలేరు. బాటను బాగుచేయుట బండి నిర్మించువాని చేతిలోని పని కాదు. కావున మార్గమే, అనగా ఇంజనునకును చెవికిని నడుమనున్న ఛాసిస్, రబ్బరు బుష్షులు, దూలములు, రేకులు, అద్దములు, లోపలి గాలి అనునవే నిర్మాణశిల్పికి మిగిలిన క్షేత్రము. ఒకే ఇంజనును రెండు వేర్వేరు బాడీలలో అమర్చినచో ఒకటి గుసగుసలాడుటయు, మరియొకటి గర్జించుటయు కద్దు. చెవికందు మ్రోతలో ఇంజను పాలు ఎంతయో, నిర్మాణపు పాలు ఎంతయో విడదీసి చెప్పగలుగుటయే ఈ విద్యకు ప్రాణమని మా అభిప్రాయము. డెసిబెళ్లను దశాంశ స్థానము వరకు ముందే చెప్పుదుమనువారి మాట అంతగా నమ్మదగినది కాదు.

నిలిచియున్న బస్సు

వికారాబాదు బస్సుస్టాండున ఇంజను ఆపకుండ నిలిపిన బస్సులో కూర్చున్నవారికి, బస్సు కదలుచున్నప్పటికంటె నిలిచియున్నప్పుడే కిటికీ అద్దములు ఎక్కువ గలగలలాడుట అనుభవవేద్యము. దీని కారణమును వ్రేళ్లమీద లెక్కింపవచ్చును. నాలుగు ఘాతముల ఇంజనులో ప్రతి సిలిండరును రెండు చుట్లకొకసారి మండును. కావున ఆరు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరుగుచు నిలుకడగా ఆడునపుడు సెకనుకు 30 స్ఫోటములు కలుగును. నాలుగు సిలిండర్ల ఇంజనైనచో అదే వేగమున 20. బస్సు పైకప్పు రేకునకో, ప్రక్క దూలముల నడుమనున్న పలకకో, అద్దపు చట్రమునకో సహజ పౌనఃపున్యము ఈ 30 హెర్ట్జుల సమీపమున ఉన్నయెడల అనునాదము సంభవించును. డ్రైవరు కొంచెము వేగము పెంచగానే స్ఫోటముల పౌనఃపున్యము 40కో 50కో ఎగబ్రాకి ఆ రేకును దాటిపోవును. గలగల ఆగి, మరియొక భాగము మేలుకొనును.

ఇందలి పరిమాణములు మిక్కిలి స్వల్పములు. 30 హెర్ట్జుల వద్ద సెకనుకు సెకనుకు 1 మీటరు త్వరణమునకు సరిపోవు స్థానభ్రంశము మిల్లీమీటరులో నూటికి మూడు పాళ్లను మించదు. అయితే పలుచని ఇనుపరేకునకు శక్తిని హరించు గుణము, అనగా అవరుద్ధత, అత్యల్పమగుటచే అనునాదమున ఆ చలనము పదునైదు రెట్లో, ఇంకను అధికముగనో పెరిగి అర మిల్లీమీటరు వరకు పోవును. చట్రమునకును అద్దమునకును నడుమనున్న సందు అంతకంటె తక్కువైనప్పుడు అవి యొండొంటిని తాకి చప్పుడు చేయును. అట్లు తాకుటతో విషయము సరళ సమీకరణముల పరిధిని దాటును. గణితము 'ఇచట సందు చాలదు' అని చెప్పగలదు గాని, తాకిన పిమ్మట వచ్చు చప్పుడు ఎట్టిదో చెప్పుట దానికి కష్టసాధ్యము.

మన ప్రాంతపు ఆర్టీసీ బస్సులలో పెక్కింటికి ఛాసిస్ ఒక కంపెనీ నుండి వచ్చుటయు, దానిపై బాడీని మరియొకచోట, ఉదాహరణకు హైదరాబాదునందలి మియాపూరు బాడీ నిర్మాణశాలలో, కట్టుటయు ఏర్పాటైయున్నది. ఛాసిస్ చేసినవానికి బాడీ యొక్క కంపన రీతులు తెలియవు. బాడీ కట్టువానికి ఇంజను బలములు తెలియవు. రెండు నిర్మాణములను వేర్వేరుగా లెక్కించి, అవి కలియు బిందువుల వద్ద బల చలనములను సమన్వయించి మొత్తము ఫలితమును పొందు పద్ధతి ఇట్టి సందర్భములకై ఏర్పడినదే. ముందువైపున ఇంజను కలిగి, దాని మూతప్రక్కనే డ్రైవరు కూర్చుండు బస్సులలో ఈ సమన్వయపు అవసరము మరింత అధికము.

బస్సు లోపలి గాలియు ఒక నిర్మాణమువంటిదే. తొమ్మిది మీటర్ల పొడవుగల గదిలో గాలికి ప్రథమ అనునాదము సుమారు 19 హెర్ట్జుల వద్ద కలుగును; రెండు మీటర్లకు కొంచెము మించిన కారు గదిలో అది 75 ప్రాంతమునకు పోవును. పైకప్పు రేకు పౌనఃపున్యము గాలి పౌనఃపున్యమునకు దాపున ఉన్నచో రెండును చేతులు కలిపి, చెవిలో ఒత్తిడివలె తోచు గుమ్ము మ్రోతను పుట్టించును. కిటికీ తీయగానే ఆ మ్రోత మాయమగుట పెక్కుమంది గమనించియే యుందురు. గాలిగది హద్దు మారుటయే అందులకు కారణము.

నల్లరేగడి బాటయు, లారీ కమాను పట్టీలును

నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు కుంచించి, నెఱ్ఱెలు విచ్చును. అట్టి నేలపై వేసిన బాట కాలక్రమమున అలలు అలలుగా లేచుట ఇంజనీర్లకు చిరపరిచితమైన చిక్కు. బండికి ఈ అలలు ఒక పౌనఃపున్యముగా అందును. వేగమును అల పొడవుచే భాగించినచో అది తేలును. గంటకు 54 కిలోమీటర్ల వేగము సెకనుకు 15 మీటర్లు. 10 మీటర్ల అలపై పోవునపుడు సెకనుకు ఒకటిన్నర ఊపు, మీటరు దూరములలో వరుసగా ఏర్పడిన గుంతలపై 15 ఊపులు. మొదటిది కమానులపై నిలిచిన దేహము ఊగు సహజ పౌనఃపున్యము, అది సాధారణముగా 1 నుండి 2 హెర్ట్జుల వరకు నుండును. రెండవది టైరుపై ఇరుసు ఎగురు పౌనఃపున్యము, ఇది 10 నుండి 15 వరకు. అనగా ఒకే బాట ఒకే వేగమున దేహమును, ఇరుసును కూడ వాని వాని అనునాదములకు లాగగలదు. డ్రైవర్లు వేగమును కొంచెము మార్చి బండిని 'కుదురు చేయుట' ఈ గణితమును ఒడలితో నేర్చినందువలననే.

బండల లారీ విషయమున ఇంకొక విశేషము కలదు. కమాను పట్టీలు నిండుబరువునకై రూపొందినవి. బరువుతో పట్టీ 10 సెంటీమీటర్లు అణగినచో సహజ పౌనఃపున్యము సుమారు 1.6 హెర్ట్జులు, తాండూరు నుండి హైదరాబాదునకు బండలను చేర్చి ఖాళీగా మరలి వచ్చునపుడు వెనుక ఇరుసుపై భారము నాలుగవ వంతునకు తగ్గినదనుకొన్నచో అణగుట 2.5 సెంటీమీటర్లే అగును, పౌనఃపున్యము రెండింతలై 3.2కు చేరును. పైగా చిన్న కదలికలలో పట్టీల నడుమ రాపిడి వానిని జారనీయక బిగపట్టుటచే కమాను కమానుగా పనిచేయక దిమ్మవలె ప్రవర్తించును. ఖాళీ లారీ నిండు లారీకంటె పెద్ద రొద చేయుటకును, వెనుక తలుపులు, గొలుసులు, కొక్కెములు ఏకముగా మ్రోగుటకును ఇదియే హేతువు. చట్రపు విశ్లేషణము చేయువారు నిండుబరువును మాత్రమే గ్రహించి సంతృప్తి చెందుట లోపమని చెప్పక తప్పదు. బలమునకు, మన్నికకు నిండు లారీ కఠిన పరీక్షయైనట్లే, శబ్దమునకు ఖాళీ లారీ కఠిన పరీక్ష.

మానవదేహము కూర్చున్న స్థితిలో నిలువు కంపనములలో 4 నుండి 8 హెర్ట్జుల నడుమనున్నవానికి అత్యధికముగా బాధపడును. ఉదరభాగమును, వెన్నెముకయు ఆ పౌనఃపున్యములలో అనునాదము పొందుటయే దీనికి మూలము. ఐ.ఎస్.ఓ. 2631 అను అంతర్జాతీయ ప్రమాణము కంపనములను తూచునపుడు ఈ పట్టీకే ఎక్కువ విలువనిచ్చును. 2002లో వెలువడిన ఐరోపా ఆదేశమున ఎనిమిది గంటల పనిదినమునకు సగటు త్వరణము సెకనుకు సెకనుకు 0.5 మీటర్లు దాటినచో జాగ్రత్త వహింపవలెననియు, 1.15 దాటరాదనియు హద్దులు కలవు.

రైలుమార్గము

వికారాబాదు కూడలి నుండి ఒక మార్గము తాండూరు మీదుగా వాడికి, మరియొకటి బీదరు మీదుగా పర్లీకి పోవును. రైలు శబ్దమున పూర్వులు ఎఱిగిన లయ పట్టాల అతుకులది. 13 మీటర్ల పట్టాలను అతికిన మార్గమున గంటకు 72 కిలోమీటర్ల వేగమున పోవు బండికి అతుకు తాకిడి సెకనుకు సుమారు ఒకటిన్నర పర్యాయములు కలుగును. పెట్టె స్ప్రింగులమీద ఊగు పౌనఃపున్యమును అక్కడికక్కడే ఉండుటచే, ఆ వేగమున ఊయల మిక్కుటమగును. పట్టాలను కలిపి అతికిన పొడుగుపట్టా మార్గమున ఈ లయ పోయినది. మిగిలినది చక్రము, పట్టాల నునుపులేమి వలన నిరంతరము పుట్టు దొరలుమ్రోత. కంటికి కానరాని మైక్రాన్ల ఎత్తుగల ముడుతలే దీనికి చాలును. 4 సెంటీమీటర్ల పొడవుగల ముడుత అదే వేగమున 500 హెర్ట్జుల ధ్వనిని పుట్టించును. తక్కువ పౌనఃపున్యములలో స్లీపర్లు, నడిమివానిలో పట్టాలు, హెచ్చువానిలో చక్రములు ముఖ్యముగా ధ్వనిని వెదజల్లును. వేగము రెట్టింపైనచో ఈ మ్రోత సుమారు 9 డెసిబెళ్లు పెరుగును.

పెట్టె యొక్క నిర్మాణము ఇచట వేరొక ప్రశ్నను లేవదీయును. 1955లో మద్రాసు పెరంబూరున స్థాపితమైన ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ పెట్టెలు సుమారు 21.3 మీటర్ల పొడవువి. జర్మనీ సాంకేతికముతో వచ్చిన ఎల్.హెచ్.బి. పెట్టెలు సుమారు 23.5 మీటర్లవి. దూలము పొడవు పెరిగినకొలది దాని వంపు పౌనఃపున్యము పొడవు వర్గమునకు విలోమముగా తగ్గును. కావున ఇతర గుణములు సమానమైనచో పొడవైన పెట్టె పౌనఃపున్యము అయిదవ వంతునకు కొంచెము తక్కువగా పడిపోవలెను. అది మానవదేహమునకు బాధాకరమైన 4 నుండి 8 హెర్ట్జుల పట్టీలోనికి జారకుండ పైననే నిలుపుటకై ప్రక్కగోడలు, పైకప్పు, అడుగు కలిసి ఒకే గొట్టమువలె పనిచేయునట్లు రూపింపవలెను. కిటికీ రంధ్రములు ఈ గొట్టమును బలహీనపరచు చోటులు; వాని మూలల చుట్టు ఉక్కు ఎంత, ఎచట అన్నది గణకముపై పలుమార్లు మార్చి చూచి నిర్ణయింతురు. వాడి-సికిందరాబాదు మార్గముననే శంకరుపల్లి మండలములోని కొండకల్లున మేధా సర్వో డ్రైవ్స్ సంస్థ నెలకొల్పిన రైలుపెట్టెల కర్మాగారము 2023లో ప్రారంభమైనది. అట్టిచోట్ల పెట్టె రూపకల్పనలో ఈ లెక్కలు నిత్యకృత్యములు.

గణితము పెరిగిన త్రోవ

పలకలు తమ తమ రీతులలోనే కంపించునను సత్యమును 1787లో క్లాడ్నీ అను జర్మను శాస్త్రజ్ఞుడు పలకపై ఇసుక చల్లి, అంచున కమాను గీచి కంటికి చూపెను. కదలని అస్పందన రేఖల వెంట ఇసుక చేరి చిత్రములు తీర్చినది. 1877లో వెలువడిన లార్డు రేలీ ధ్వనిశాస్త్ర గ్రంథము ఈ విద్యకు గణిత భిత్తిక. కాని రేలీ పద్ధతులు దీర్ఘచతురస్రములకును వృత్తములకును చెల్లును. వంపులు, రంధ్రములు, మడతలు గల బస్సు బాడీకి చెల్లవు. నిర్మాణమును చిన్న చిన్న మూలకములుగా తుంచి, ఒక్కొక్కదాని బిగువును ద్రవ్యరాశిని మాత్రికలుగా వ్రాసి, సంధి బిందువుల వద్ద కలుపు పరిమిత మూలక పద్ధతియే దీనికి దారి తీసినది. 1943లో కూరాంటు దాని బీజమును సూచించెను. 1956లో టర్నరు, క్లఫ్, మార్టిన్, టాప్ అను నలువురు విమాన నిర్మాణమునకై దానిని ప్రయోగించిరి. 1960లో క్లఫ్ దానికి నేటి పేరు పెట్టెను. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా చేయించిన నాస్ట్రాన్ అను గణక క్రమణిక, విమానముల నుండి కార్ల పరిశ్రమకు ఈ పద్ధతిని చేర్చినది.

ఈ విద్యను ప్రపంచ విశ్వవిద్యాలయములలో పాఠముగా మలచినవారిలో తెలుగువారి పాలు చిన్నది కాదు. 1945లో వరంగల్లున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, అమెరికాలో ఆచార్యుడైన జె.ఎన్. రెడ్డి 1984లో ప్రకటించిన తృతీయ శ్రేణి కోత సిద్ధాంతము పొరలుపొరలుగా అమర్చిన పలకల వంపును సూక్ష్మముగా లెక్కించుటకు తోడ్పడినది. రెండు రేకుల నడుమ జిగటపొర గల పలకలను పరిశీలించువారికి ఆ మార్గము ఉపకరించును. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన సింగిరేసు ఎస్. రావు రచించిన కంపనశాస్త్ర గ్రంథమును, వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల విద్యార్థియైన తిరుపతి చంద్రుపట్ల బెలెగుండుతో కలిసి వ్రాసిన పరిమిత మూలక గ్రంథమును పెక్కు దేశముల విద్యార్థులు చదువుచున్నారు. నేడు హైదరాబాదున హ్యుందాయ్ మొదలగు కంపెనీల ఇంజనీరింగు కేంద్రములలో ఈ లెక్కలనే వృత్తిగా చేపట్టిన యువకులు, యువతులు బహుసంఖ్యలో కలరు.

వారు చేయు పని యొక్క క్రమమును కొంత వివరింపవలసియున్నది. మొదట వాహనదేహపు నమూనాను గణకమున మూలకముల వలగా మార్చుదురు. వల ఎంత సన్నగా ఉండవలెనన్నది రేకులో పారు వంపు తరంగముల పొడవు నిర్ణయించును. ఒక మిల్లీమీటరు ఉక్కు రేకులో 200 హెర్ట్జుల తరంగము పొడవు సుమారు 22 సెంటీమీటర్లు, 2000 హెర్ట్జులదైనచో 7 సెంటీమీటర్లే. తరంగమునకు ఆరు మూలకములైన లేనిచో ఫలితము విశ్వసనీయము కాదు. పిమ్మట సహజ పౌనఃపున్యములను, వానికి తగిన కంపన రీతులను గణింతురు. ఏ రీతిలో ఏ బిందువు అస్పందన స్థానమో, ఏది ప్రస్పందన స్థానమో ఇచటనే తేలును. ఇంజను మౌంటింగును, సైలెన్సరు కొక్కెమును అస్పందన స్థానమున తగిలించినచో, బలము ఎంతయున్నను ఆ రీతి మేలుకొనదు. డబ్బు ఖర్చులేని ఉపాయమిది. తొలిదశలోనే తెలిసినయెడల మాత్రమే సాధ్యము.

అటుపై ఇంజను, ఇరుసు బలములను మౌంటింగుల వద్ద ప్రయోగించి, డ్రైవరు చెవి దగ్గర పీడనమెంతయో, పీఠముపై త్వరణమెంతయో రాబట్టుదురు. ఆ పీడనమున ఏ రేకు పాలు ఎంత, ఏ బుష్షు ద్వారా వచ్చినది ఎంత అని విడదీయుట తుది అంకము. ఇందు ఒక వింత కానవచ్చును: రెండు రేకుల ధ్వనులు పరస్పర వ్యతిరేక దశలలో నుండి యొండొంటిని చెరుపుకొనుచున్నప్పుడు, మంచి చేయబోయి ఒకదానిని నిశ్శబ్దము చేసినచో మొత్తము మ్రోత పెరుగును. పెద్ద ధ్వని చేయు రేకు ఏదో కనుగొన్నంతమాత్రమున దానిని బిగింపరాదు. ఈ లెక్కలను సరిచూచుటకు నిజమైన బాడీని మెత్తని తాళ్లపై వ్రేలాడదీసి, బలమును కొలుచు సుత్తితో కొట్టి, త్వరణమాపకములతో ప్రతిస్పందనమును గ్రహింతురు. 1965లో కూలీ, ట్యూకీ ప్రచురించిన శీఘ్ర ఫోరియరు పరివర్తనము ఈ కొలతను సుకరము చేసినది.

కొన్ని వందల హెర్ట్జులు దాటిన పిమ్మట రీతులు క్రిక్కిరిసిపోవును. ఒక్కొక్కదానిని వెదకుట నిష్ప్రయోజనము. అచట ప్రతి భాగమును శక్తి నిలువ చేయు పాత్రగా భావించి, భాగము నుండి భాగమునకు సగటున ఎంత శక్తి ప్రవహించునో లెక్కించు సాంఖ్యక శక్తి విశ్లేషణమును అవలంబింతురు. 1960 దశకమున లయన్ మొదలగువారు రాకెట్ల కొరకు దీనిని పెంపొందించిరి.

ఉపశమనోపాయములు

రబ్బరు మౌంటింగు యొక్క ధర్మము మొదటిది. బలపు పౌనఃపున్యము మౌంటింగుపై నిలిచిన ఇంజను సహజ పౌనఃపున్యమునకు 1.41 రెట్లు దాటిన పిమ్మటనే అది బలమును అడ్డగింప మొదలిడును. అంతకు లోపల హెచ్చించును. 10 హెర్ట్జుల మౌంటింగుపై 30 హెర్ట్జుల బలము ఎనిమిదవ పాలు మాత్రమే ఛాసిస్‌కు చేరును. ఇంకను మెత్తన చేసిన మేలుకదా యనిన, అనంతగిరి ఘాటులో నిండుబరువుతో క్రింది గేరున ఎక్కు లారీలో ఇంజను తన ప్రతిభ్రామకముచే ఒరిగి, గేరు రాడ్డును, ఫ్యాను తొడుగును తాకును. మెత్తదనమునకు ఘాటు హద్దు విధించును. మరియు రబ్బరును పట్టియుండు ఉక్కు పట్టు రబ్బరుకంటె పదిరెట్లు బిగువుగా లేనిచో, ఆ పట్టే కమానువలె ఆడి రబ్బరు పనిని వ్యర్థము చేయును. మంచి రబ్బరును పలుచని పట్టుపై బిగించుట తరచుగా కానవచ్చు పొరపాటు.

రేకునకు గాడులు వత్తుట వలన బరువు పెరుగకయే బిగువు పెరిగి పౌనఃపున్యము లేచును. కాని బిగిసిన రేకు గాలిలోనికి ధ్వనిని మరింత సమర్థముగా వెదజల్లుననుటయు నిజమే. తారుపలకలు, జిగటపొరలు అనునాదమున ఉన్న రేకునకు దివ్యౌషధములు, లేనిదానికి కేవలము భారము. గోడ బరువును రెట్టింపు చేసినచో గాలిలో వచ్చు ధ్వని సుమారు 6 డెసిబెళ్లే తగ్గును. ఇంధనమునకు వెల చెల్లించు కాలమున ఇది పేద బేరము. 1909లో ఫ్రామ్ అను జర్మను ఇంజనీరు కనిపెట్టిన ప్రతికంపకము, అనగా చిన్న బరువును స్ప్రింగుపై అమర్చి ప్రధాన నిర్మాణపు కంపనమును అది గ్రహించునట్లు చేయు సాధనము, ఒకే పౌనఃపున్యము పీడించుచోట అద్భుతముగా పనిచేయును. నిలుకడవేగమున మ్రోగు బస్సుకు అది తగును. వేగము క్షణక్షణము మారు బండికి అంతగా తగదు.

ట్రాక్టరు ఈ ఉపాయములలో పెక్కింటికి లొంగనిది. ఇంజను, గేరుపెట్టె, వెనుక ఇరుసు ఒకదానికొకటి నేరుగా బిగిసి, అవియే వెన్నెముకగా ఏర్పడుటచే, రబ్బరుపై ఇంజనును నిలుపు అవకాశము లేదు. వెనుక ఇరుసునకు కమానులు లేవు. టైరులోని గాలియే స్ప్రింగు. మూడు సిలిండర్ల ఇంజను 2100 చుట్ల వద్ద 52 హెర్ట్జులకు కొంచెము మించిన స్ఫోటములతో డ్రైవరుకు ఇరువైపులనున్న మడ్‌గార్డు రేకులను వాయించును. ఆ రేకుల పౌనఃపున్యమును అచటినుండి తప్పించుట, పీఠమును వేరు స్ప్రింగుపై నిలుపుట అను రెండే ముఖ్యోపాయములు. వికారాబాదునకు ఉత్తరమున జహీరాబాదులో మహీంద్రా ట్రాక్టర్ల కర్మాగారము 2013 నుండి పనిచేయుచున్నది. తాండూరు కందిచేలలో తిరుగు యంత్రములకు అది ఇరుగుపొరుగే. మనదేశపు కర్మాగార నిబంధనలలో ఎనిమిది గంటలకు 90 డెసిబెళ్లు హద్దుగా ఉన్నది. పొలమున దుక్కి దున్ను రైతునకు ఆ హద్దును చూపువారు లేరు.

బాటమీది వాహనములకు హద్దులు వేరు. 7.5 మీటర్ల దూరమున, పూర్తి త్వరణముతో పోవునపుడు కొలిచిన శబ్దము కారునకు 74 డెసిబెళ్లును, అధిక శక్తిగల భారవాహనమునకు 80ని మించరాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమములు నివాస ప్రాంతములకు పగలు 55, రాత్రి 45గను, ఆసుపత్రుల చుట్టు నూరు మీటర్లలోపల 50, 40గను నిర్ణయించినవి. ఈ రెండు విధముల అంకెలకు నడుమనున్న దూరమును నిర్మాణ విశ్లేషణము కొంతయే తగ్గింపగలదు. హారను విషయమున గణితము పూర్తిగా నిస్సహాయము.

విద్యుత్ బస్సులు వచ్చుటతో ఇంజను స్ఫోటము తొలగినది గాని, దాని మాటున దాగియున్న గేరు కూత, మోటారు యొక్క విద్యుదయస్కాంత బలములచే కలుగు సన్నని ఈల, టైరుమ్రోత, తలుపుల కిర్రు బయటపడినవి. మోటారు తొడుగును గుండ్రని గొట్టముగా భావించి దాని అండాకార రీతులను వందల, వేల హెర్ట్జుల వరకు లెక్కించుట ఈ తరపు పని. మరియొకవంక, నెమ్మదిగా పోవు విద్యుత్ వాహనములు పాదచారులకు వినబడవను భీతిచే ఐరోపాలో 2019 నుండి క్రొత్త రకములకు కృత్రిమ ధ్వనిని అమర్చుట విధియైనది.

ఎంత గణించినను మిగులు అనిశ్చయము ఒకటి కలదు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయమునకు చెందిన కొంపెల్ల, బెర్న్‌హార్డు అనువారు 1993లో ఒకే కర్మాగారమున ఒకే నమూనాపై తయారైన దాదాపు నూరు కార్లను కొలిచి చూడగా, బలమునకు ధ్వనికి నడుమనున్న సంబంధము కారు కారునకు ఎన్నో డెసిబెళ్లు భేదించినది. అతుకుల బిగువు, రబ్బరు గుణము, రేకు మందము అను చిన్న భేదములు కూడి ఇట్లయినవి. క్రొత్త కార్లలోనే ఇట్లున్నప్పుడు, తాండూరు డిపోలో ఏండ్ల తరబడి నడచి, బుష్షులు గట్టిపడి, రివెట్లు వదులై, అద్దపు బీడింగు ఊడిన బస్సు యొక్క శబ్దమును ఏ ఒక్క సంఖ్యయు చెప్పజాలదు. అందుచే నేటి విశ్లేషకులు రబ్బరు బిగువును, అతుకుల గుణమును ఒకే విలువగా గాక విలువల వ్యాప్తిగా గ్రహించి, వందల పర్యాయములు లెక్కను మరల నడపి, ఆ వ్యాప్తి అంతటను అనునాదములు ఎడముగా నుండు నిర్మాణమునే ఎన్నుకొనుచున్నారు.